ఒంటరిగా ఆరుబయట తొలి రాత్రి: బయలుదేరే ముందు జాగ్రత్తలు

వాన తగ్గి పది నిమిషాలైంది. చీకటి పడటానికి ఇంకా గంట ఉంది. వీపు మీది బ్యాక్‌ప్యాక్ దించాలంటే ముందు నడుము బెల్టు క్లిప్పు విప్పాలి. రెండు వేళ్లతో రెండు పక్కలా నొక్కితే ఊడివచ్చే మామూలు క్లిప్పు అది. పొద్దుటి నుంచి ఎన్నోసార్లు చూడకుండానే విప్పాను. ఆ సాయంత్రం మాత్రం వేళ్లు నొక్కుతున్నాయో లేదో నాకే తెలియలేదు. తల వంచి చూస్తే బొటనవేలు క్లిప్పు మీద కాదు, పక్కనున్న బట్ట మీద ఉంది. చివరికి రెండు అరచేతుల మధ్య దాన్ని ఇరికించి నొక్కాల్సి వచ్చింది.

నాకు ప్రమాదకరమైనంత చలి పట్టిందని అప్పుడు గానీ తెలియలేదు. అప్పటికి అరగంటగా తడి చొక్కాతో ఎదురుగాలిలో నడుస్తున్నాను. గుడారం వేసే చోటు దగ్గరికి వచ్చేశాను కదా, అక్కడికి వెళ్లాకే మార్చుకుందామని వాయిదా వేస్తూ వచ్చాను. పక్కన ఇంకొకరు ఉంటే నా అడుగు తడబడటం చూసి అక్కడే ఆపేవారు. పొడి చొక్కా తీసి వేసుకోమని గట్టిగా చెప్పేవారు.

ఒంటరిగా తొలిసారి రాత్రి బసకు వెళ్లాలనుకునేవారు ముందుగా జంతువుల గురించి అడుగుతారు, తర్వాత దొంగల గురించి. రెండూ అడగదగిన ప్రశ్నలే. కానీ నేను చూసినంతలో ఎక్కువ ఇక్కట్లు వాటి వల్ల రాలేదు. చిన్న పొరపాటును వేళకు పట్టుకునే రెండో మనిషి లేకపోవడం వల్ల వచ్చాయి. కాబట్టి ఆ మనిషి చేసే పనులన్నింటినీ ఇంటి దగ్గరే ఆలోచించి, ఒక్కొక్కటినీ దేనికో ఒకదానికి అప్పగించి బయలుదేరాలి.

దారి, దూరం, వేళ

తొలిసారికి కొత్త దారి వద్దు. పగటిపూట ఒక్కసారైనా నడిచి వచ్చిన కాలిబాటనే ఎంచుకోండి. అది ఎక్కడ చీలుతుందో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఫోనుకు సిగ్నల్ ఎక్కడ పోతుందో అప్పటికే తెలిసి ఉంటుంది. దూరం కూడా మీరు రోజంతా హాయిగా నడవగలిగేదానిలో సగమే పెట్టుకోండి. మరీ తక్కువ అనిపిస్తుంది, అయినా పెంచవద్దు. మిగిలిన ఆ సమయమే పొరపాట్లు దిద్దుకోవడానికి అక్కరకొస్తుంది.

నడక వేళను అంచనా వేయడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కాల్సిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. 10 కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కాల్సి ఉంటే మూడు గంటలన్నమాట. కానీ ఇది అలవాటున్నవారు ఆగకుండా నడిస్తే పట్టే సమయం. బరువు మోస్తూ తొలిసారి వెళ్లేవారు దానికి సగం కలుపుకుని నాలుగున్నర గంటలు అనుకోవాలి. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే బస చేరేలా వెనక్కి లెక్క వేసి బయలుదేరే వేళ నిర్ణయించుకోండి. లోయల్లో కొండ అడ్డం రావడం వల్ల ఎండ ముందే పోతుంది. చెట్ల కింద చీకటి ఇంకా ముందు పడుతుంది.

చాలా రక్షిత అడవుల్లో రాత్రి ఉండటానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. కొన్ని చోట్ల మంట వేయడం నిషేధం. ఆ ప్రాంతాన్ని చూసుకునే కార్యాలయానికి ఫోను చేసినప్పుడు అనుమతితో ఆపకుండా, వాగులో నీళ్లు ఉన్నాయా, బాట ఎక్కడైనా తెగిందా, ఏ జంతువులు తిరుగుతున్నాయి అన్నవీ అడగండి. రోజూ అక్కడ తిరిగేవారు చెప్పే రెండు మాటలు మ్యాప్‌లో దొరకవు.

వాతావరణ సూచనను ఊరి పేరుతో చూసి ఊరుకోవద్దు. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద ఊళ్లో రాత్రి 12 డిగ్రీలు ఉంటుందని సూచన చెబితే, అక్కడికి 1500 మీటర్ల ఎత్తున మీ బసలో అది 2 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ఉరుముల సూచన ఉంటే మొదటి ప్రయాణాన్ని వాయిదా వేయండి. గుడారం పిడుగు నుంచి కాపాడదు. దారిలో ఉండగా ఉరుము వినిపిస్తే కొండ శిఖరాలు, గట్లు, ఒంటరి చెట్లు వదిలి కిందికి దిగాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే అది సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అప్పటికే కదలాలి.

గడియారం చూసే మనిషి

2003 ఏప్రిల్ 26న ఆరన్ రాల్స్టన్ అనే అమెరికన్ పర్వతారోహకుడు యూటా రాష్ట్రంలోని బ్లూజాన్ కాన్యన్‌లో ఒంటరిగా దిగుతుండగా ఒక బండరాయి జారి ఆయన కుడిచేతిని గోడకు అదిమేసింది. ఎక్కడికి వెళ్తున్నదీ ఆయన ఎవరికీ చెప్పలేదు. 127 గంటల తర్వాత సొంత చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. ఆయనకు నైపుణ్యం ఉంది, దేహదారుఢ్యం ఉంది. ఆయన కోసం ఏ వేళకు, ఎక్కడ వెతకాలో తెలిసిన మనిషే లేడు.

అందుకే అన్నింటికంటే ముందు, ఇంటి దగ్గర ఉండే ఒకరికి ఇచ్చేందుకు ఒక కాగితం రాయండి. మీరు వెళ్లే బాట, బస చేసే చోటు, ఎటు నుంచి తిరిగి వస్తారు, గుడారం రంగు, బ్యాక్‌ప్యాక్ రంగు, వేసుకున్న చొక్కా రంగు, వాహనం ఆపిన చోటు, దాని నంబరు, మీకున్న జబ్బులు, వాడే మందులు. వీటి కింద రెండు వేళలు రాయండి. మొదటిది మీరు తిరిగి ఫోను చేసే వేళ. రెండోది, అప్పటికీ కబురు లేకపోతే వారు సహాయక సిబ్బందికి ఫోను చేయాల్సిన వేళ. ఈ రెంటి మధ్య మూడు నాలుగు గంటల తేడా ఉంచండి. ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు కూడా అదే కాగితం మీద ఉండాలి. ఆ కంగారులో వెతుక్కునే పని వారికి పెట్టకూడదు.

ఆ కాగితాన్ని ఎవరి చేతిలో పెడతారన్నది మరీ ముఖ్యం. మిమ్మల్ని బాగా ప్రేమించే మనిషి సరైన మనిషి కాకపోవచ్చు. పది నిమిషాలు ఆలస్యమైతే బెంబేలెత్తేవారు, పనిలో పడి మరిచిపోయేవారు ఈ బాధ్యతకు పనికిరారు. చెప్పిన వేళకు చెప్పిన పని చేసేవారు కావాలి. కాగితం ఇచ్చాక దారి మధ్యలో మనసు మార్చుకుని ఇంకో వైపు వెళ్లడానికి వీల్లేదు. వెతకాల్సి వస్తే వారు మీరు రాసిన చోటే వెతుకుతారు.

ఇంటి దగ్గర ఒక రాత్రి

కొన్న గుడారాన్ని సంచిలోంచి మొదటిసారి కొండ మీద తీయవద్దు. పెరట్లోనో మేడ మీదనో రెండుసార్లు వేసి విప్పండి. రెండోసారి చీకటి పడ్డాక, తలకు కట్టుకునే లైటు వెలుగులో వేయండి. కడ్డీలు ఏ రంధ్రంలో దూరతాయో, గాలి వీస్తుంటే ముందుగా ఏ మూల మేకు దిగ్గొట్టాలో చేతులకు తెలియాలి. ఆ రాత్రి అందులోనే పడుకోండి. నడుము ఎక్కడ నొస్తోంది, అర్ధరాత్రి చలి ఎక్కడి నుంచి వస్తోంది, నీళ్ల సీసా చేతికి అందుతోందా అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి. స్టవ్ కూడా వెలిగించి నీళ్లు కాచి చూడండి.

బరువు శరీర బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోండి. 60 కిలోల మనిషికి 12 కిలోలు, నీళ్లతో కలిపి. బరువైన వస్తువులు వీపుకు ఆనుకుని నడిమి భాగంలో ఉండాలి. నడుము బెల్టు తుంటి ఎముకల మీద బిగిస్తే బరువులో ఎక్కువ భాగం భుజాల మీద పడకుండా కాళ్ల మీదికి దిగుతుంది. అదే బరువుతో, అవే బూట్లతో ఇంటి దగ్గర ఒకటి రెండుసార్లు ఐదారు కిలోమీటర్లు నడవండి. కొత్త బూట్లతో మాత్రం బయలుదేరవద్దు. మడమ దగ్గర వెచ్చగా, రాపిడిగా అనిపించిన క్షణంలోనే ఆగి టేపు వేసుకోండి. బొబ్బ లేచాక వేసే టేపుకు ఆ ప్రయోజనం ఉండదు.

చలి, తడి

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. దానికి మంచు కురవనక్కర్లేదు. 10 డిగ్రీల చలిలో కూడా తడి బట్టలు, గాలి, అలసట కలిస్తే రాగలదు. వణుకు, అడుగు తడబడటం, మాట ముద్దగా రావడం, వేళ్లు పట్టు తప్పడం, అకారణమైన చిరాకు దాని తొలి గుర్తులు. ఇంకా చలిలోనే ఉన్నా వణుకు ఆగిపోయిందంటే పరిస్థితి మెరుగుపడినట్టు కాదు, విషమించినట్టు. దీనిలోని అసలు ప్రమాదం ఏమిటంటే, చలి శరీరంతో పాటు ఆలోచననూ మందగింపజేస్తుంది. ఆగాలా వద్దా అని తేల్చాల్సిన బుద్ధే ముందుగా దెబ్బతింటుంది.

అందుకే ఆ నిర్ణయాన్ని బుద్ధికి వదలకుండా ఒక అలవాటుకు అప్పగించాను. చలిగా, తడిగా ఉన్న రోజున అరగంటకొకసారి ఆగి బొటనవేలిని అదే చేతి చిటికెన వేలికి తాకిస్తాను. రెండు చేతులతోనూ. సులువుగా తాకితే నడుస్తాను. తాకకపోతే ఎక్కడ ఉన్నా సరే ఆగి, గాలికి చాటున కూర్చుని, తడి బట్టలు విప్పి పొడివి వేసుకుని, ఏదైనా తింటాను. ఇందులో ఆలోచించడానికి ఏమీ ఉండదు.

ఆ పొడి బట్టల జత సంగతి. ఒంటికి పట్టే ఉన్ని లేదా సింథటిక్ చొక్కా, ప్యాంటు, మేజోళ్లు, టోపీ. వీటిని నీరు చొరని సంచిలో కట్టి, పడుకునేటప్పుడు తప్ప మామూలుగా తీయకూడదు. నూలు బట్ట తడిస్తే ఆరదు, వెచ్చదనం ఇవ్వదు. ఆ సాయంత్రం నన్ను కాపాడింది ఈ సంచే. పళ్లతో దాని ముడి విప్పి, బట్టలు మార్చుకుని, కింద మ్యాట్ పరిచి స్లీపింగ్ బ్యాగ్‌లో దూరాను. తీపి పదార్థాలు కాసిని తిన్నాను. వేళ్లకు పట్టు వచ్చాక గానీ గుడారం జోలికి వెళ్లలేదు. తర్వాత కాచిన నీళ్లు గట్టి సీసాలో పోసి, మూత బిగించి, మేజోడులో పెట్టి కడుపు దగ్గర ఉంచుకున్నాను. వణుకు తగ్గడానికి గంట పైన పట్టింది.

స్లీపింగ్ బ్యాగ్ లేబుల్ మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని ఉష్ణోగ్రతలు ఉంటాయి. మూడోది హాయిగా నిద్రపోయే ఉష్ణోగ్రత కాదు, ప్రాణం నిలుపుకునే హద్దు. మీరు చూడాల్సింది కంఫర్ట్ అంకె. రాత్రి ఎంత చలి ఉంటుందని లెక్క తేలిందో, దానికంటే ఆ అంకె నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉండాలి. ఎంత మంచి బ్యాగ్ అయినా మీ శరీరం కింద నలిగిన భాగం వెచ్చదనం ఇవ్వదు, నేల వేడిని లాగేస్తుంది. కాబట్టి మ్యాట్ మీద పొదుపు చేయవద్దు. మ్యాట్‌కు ఆర్-వాల్యూ అని ఒక అంకె ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే నేల చలిని అంత బాగా ఆపుతుంది.

ఎంత చలేసినా, ఎంత వాన కురిసినా గుడారం లోపల స్టవ్ వెలిగించవద్దు. మూసిన గుడారంలో పేరుకునే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. ముందు తలనొప్పి, మగత. ఆ మగతలోనే మనిషి పోతాడు. పక్కన నిద్రలేపేవారు లేరని గుర్తుంచుకోండి.

నీళ్లు

నడిచే ప్రతి గంటకు సుమారు అర లీటరు, ఎండలో ఇంకా ఎక్కువ. పారే నీళ్లు ఎంత తేటగా ఉన్నా శుద్ధి చేసే తాగాలి. మరగడం మొదలయ్యాక ఒక నిమిషం, 2000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు కాచాలి. ఫిల్టరు వాడితే దానితో పాటు శుద్ధి మాత్రలు కూడా ఉంచుకోండి. సన్నని గొట్టాల గుండా నీళ్లు వడకట్టే ఫిల్టరులో మిగిలిన నీరు ఒకసారి గడ్డకడితే, అది పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపల పగిలి పనికిరాకుండా పోతుంది. చలి రాత్రుల్లో దాన్నీ స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకోవాలి. వాగు దాటాల్సి వస్తే నడుము, ఛాతీ క్లిప్పులు ముందే విప్పండి. పడితే బ్యాక్‌ప్యాక్ వదిలేసి లేవగలగాలి. వడిగా పారే నీరు మోకాలు దాటితే ఒంటరి మనిషి దిగకూడదు, వెనక్కి రావాలి.

బస చేసే చోటు, తొలి రాత్రి

గుడారం వేసే ముందు తల ఎత్తి చూడండి. పైన ఎండిన కొమ్మ వేలాడుతుంటే ఆ చోటు వద్దు. ఎండిన వాగు గర్భంలో ఇసుక ఎంత మెత్తగా ఉన్నా అక్కడ పడుకోవద్దు. పైన ఎక్కడో పడిన వాన రాత్రికి రాత్రి అక్కడికి రాగలదు. పల్లంలోకి చల్లగాలి దిగి నిలుస్తుంది కాబట్టి కాస్త ఎత్తైన చదును చూడండి. నీటికి 60 మీటర్ల దూరం ఉండాలి. అది నీటిని శుభ్రంగా ఉంచుతుంది, నీళ్ల కోసం వచ్చే జంతువుల దారికీ అడ్డం రాదు. మలవిసర్జనకూ నీటికి అంతే దూరం వెళ్లి, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున గొయ్యి తీసి పూడ్చాలి. ఆహారం, పళ్లపేస్టు, సబ్బు వంటి వాసన వేసేవన్నీ గుడారానికి దూరంగా ఉంచండి. ఎలుగుబంట్లు ఉండే చోట్ల వాటికి ప్రత్యేకమైన డబ్బాలు తప్పనిసరి కావచ్చు. గుడారం జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి. పాము కాటేస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చేయవద్దు. కదలిక తగ్గించి వెంటనే సహాయం కోరాలి.

ఇక రాత్రి. తొలి రాత్రి నిద్ర సరిగా పట్టదు, అందుకు మీ ధైర్యాన్ని అనుమానించవద్దు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులోని ఒక అర్ధగోళం రెండోదానికంటే అప్రమత్తంగా ఉంటుందని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించారు. ఆకుల మీద నడిచే చిన్న ప్రాణి కూడా చీకట్లో పెద్ద జంతువంత చప్పుడు చేస్తుంది. నన్ను ఒక రాత్రి గంటసేపు కదలకుండా కూర్చోబెట్టిన చప్పుడు ఒకటుంది. మూడు సార్లు తట్టడం, ఆగడం, మళ్లీ రెండు సార్లు తట్టడం. చివరికి లైటు వేసి బయటికి చూస్తే బ్యాక్‌ప్యాక్ పట్టీ కొస గాలికి గుడారం గుడ్డను తడుతోంది. అప్పటి నుంచి వెలుతురు ఉండగానే వేలాడే పట్టీలన్నీ చుట్టి కడతాను. గుడారం చుట్టూ యాభై అడుగుల మేర నెమ్మదిగా తిరిగి ఏ పొద ఎక్కడుందో, ఏ కొమ్మ రాసుకుంటోందో చూసి పెట్టుకుంటాను. ముందే చూసిన పొద చీకట్లో అంతగా భయపెట్టదు. లైటు, ఈల, ఫోను, బూట్లు ప్రతి రాత్రీ ఒకే చోట ఉండాలి, చెయ్యి చాపితే తడుముకోకుండా దొరకాలి. రాత్రి బయటికి వెళ్లాల్సి వస్తే గుడారం లోపల ఒక చిన్న లైటు వెలిగించి వెళ్లండి. తిరిగి రావడానికి అదే గుర్తు.

బాట తప్పితే

2013 జూలైలో అమెరికాలోని అపలాచియన్ కాలిబాట మీద ఒంటరిగా నడుస్తున్న 66 ఏళ్ల మహిళ ఒకరు కాలకృత్యాల కోసం బాట దిగి అడవిలోకి వెళ్లి, తిరిగి బాట కనుక్కోలేకపోయారు. ఆమె పంపిన ఫోను సందేశాలు సిగ్నల్ లేక చేరలేదు. కనీసం 26 రోజులు ప్రాణాలతో ఉన్నారు. 2015 అక్టోబరులో ఆమె గుడారం దొరికినప్పుడు చూస్తే, అది బాటకు మూడు నాలుగు కిలోమీటర్ల లోపే ఉంది. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి నేను బాట దిగేటప్పుడు ముదురు రంగు గుడ్డ ఒకటి బాట పక్క కొమ్మకు కడతాను. పది అడుగులకొకసారి వెనక్కి తిరిగి అది కనిపిస్తోందా అని చూస్తాను. ఈల మెడలోనే ఉంటుంది, బ్యాక్‌ప్యాక్‌లో కాదు.

దారి తప్పానన్న అనుమానం రాగానే ఆగి కూర్చోండి. నీళ్లు తాగండి. చివరిసారి కచ్చితంగా తెలిసిన చోటు ఏదో మ్యాప్‌లో చూడండి. వచ్చిన దారి గుర్తుపట్టగలిగితేనే వెనక్కి నడవండి. లేదా ఉన్నచోటే ఉండి ఈల వేయండి. ఆల్ప్స్ పర్వతాల నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదాలి. రాత్రయితే లైటుతో అదే చేయాలి. ఉత్తర అమెరికాలో మూడుసార్లు ఊదడం వాడుక.

ఫోనులో మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఛార్జింగ్ చాలా ఆదా అవుతుంది, రాత్రి ఒంటి దగ్గర ఉంచుకుంటే చలికి బ్యాటరీ పడిపోదు. అయినా కాగితం మ్యాప్, దిక్సూచి తప్పవు, వాటిని వాడటం ముందే నేర్చుకుని ఉండాలి. సిగ్నల్ లేని చోటికి వెళ్తుంటే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపే అత్యవసర బీకన్ అద్దెకైనా తీసుకోండి. దాన్ని మీ పేరున నమోదు చేయడం మరవకండి. కొన్ని దేశాల్లో దాని వాడకంపై ఆంక్షలున్నాయి కాబట్టి ముందే కనుక్కోండి.

జేబులో ఒక చీటీ

చివరి పని బయలుదేరే ముందు రోజు రాత్రి, వెచ్చని గదిలో, కడుపు నిండా తిన్నాక చేయాలి. ఒక చీటీ మీద మీకు మీరే ఆజ్ఞలు రాసుకోండి. నా చీటీ మీద ఇలా ఉంటుంది: 'మధ్యాహ్నం రెండింటికి సగం దారి దాటకపోతే వెనక్కి. వేళ్లు తాకకపోతే వెంటనే ఆగాలి. ఉరుము వింటే కిందికి. వాగు మోకాలు దాటితే వెనక్కి. బస దగ్గర ఎవరి తీరైనా నచ్చకపోతే కారణం వెతక్కుండా ముందుకు నడిచి వేరే చోట గుడారం. మడమ నొప్పికి అక్కడే టేపు.' నీళ్లు తగలని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో ఉంచుకుంటాను. అలసిపోయి, ఇంకో అరగంటే కదా అనిపించినప్పుడు తీసి చదువుతాను. అది నేను రాసిందే అయినా, ఆ సమయంలో తెలివిగా ఉన్న ఇంకొకరు చెబుతున్నట్టే ఉంటుంది. అప్పుడు అందులో ఏది ఉంటే అది చేస్తాను, దానితో వాదించను.

మరుసటి రోజు కిందికి దిగి సిగ్నల్ అందిన చోట ముందుగా కాగితం ఇచ్చిన మనిషికి ఫోను చేయండి. బ్యాక్‌ప్యాక్ దించడం, నీళ్లు తాగడం ఆ తర్వాతే. వారు పొద్దుటి నుంచి గడియారం చూస్తూనే ఉంటారు.